కొందరికే నెట్‌వర్క్ ఆగిపోయినప్పుడు: నా అనుభవం

మా ఆఫీసులో ఒకే అంతస్తులో కొందరికి నెట్‌వర్క్ పూర్తిగా ఆగిపోయి, పక్క సీట్లోని వారికి మామూలుగానే పనిచేస్తుండడంతో, లోపం ఇంటర్నెట్ లైనులో ఉండదని ముందే అనిపించింది. ఆగిపోయిన ఒక కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ ఆదేశంతో నెట్‌వర్క్ వివరాలన్నీ చూస్తే, 10తో మొదలయ్యే మా ఆఫీసు ఐపీ చిరునామాకు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్యకు) బదులు 192.168.0.104 కనిపించింది, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే పరికరం), డీహెచ్‌సీపీ సర్వర్ (కంప్యూటర్లకు చిరునామాలు పంచేది) రెండూ 192.168.0.1 అని ఉన్నాయి. 169.254తో మొదలయ్యే చిరునామా అయితే సర్వర్ నుంచి జవాబే రాలేదని అర్థం. ఇక్కడ జవాబు వచ్చింది, కాకపోతే ఇవ్వకూడని పరికరం ఇచ్చింది. అసలు సర్వర్, ఈ పరికరం రెండూ జవాబిస్తుంటే, కంప్యూటర్లు సాధారణంగా ముందుగా అందిన జవాబునే తీసుకుంటాయి కనుక, ఈ సమస్య కొందరికే వచ్చి మనల్ని తికమకపెడుతుంది.

ఏ ఐపీ చిరునామా ఏ పరికరానిదో కంప్యూటర్ రాసుకునే ఆర్ప్ పట్టికలో ఆ గేట్‌వే మ్యాక్ చిరునామా (పరికరపు హార్డ్‌వేర్ గుర్తింపు) చూసుకొని, దాన్ని ఆఫీసు కేబుళ్లను కలిపే స్విచ్‌లోని మ్యాక్ పట్టికలో వెతికితే అది ఏ పోర్టుకు కలిసి ఉందో తెలిసింది. ఆ కేబుల్ వెంట వెళితే, సమావేశ గది బల్ల కింద ఎవరో వైఫై కోసం పెట్టుకున్న చిన్న రౌటర్ దొరికింది. గోడ నుంచి వచ్చిన కేబుల్‌ను బయటి లైను కోసం ఉండే వాన్ పోర్టులో కాక, లోపలి కంప్యూటర్ల కోసం ఉండే లాన్ పోర్టులో పెట్టడంతో, అది మా నెట్‌వర్క్‌లోనూ చిరునామాలు పంచసాగింది. పెట్టినవారెవరో ఇప్పటికీ తేలలేదు, నేనూ పట్టుబట్టలేదు.

రౌటర్ తీసేసినా పాత లీజు (చిరునామా వాడుకోవడానికి ఇచ్చిన కాలం) గడువు తీరేదాకా కంప్యూటర్లు తప్పు చిరునామానే పట్టుకొని ఉండగలవు కాబట్టి, వాటిలో చిరునామాను విడుదల చేయించి కొత్తది తీసుకునేలా చేశాను. ఆ తరువాత స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాను, అంటే నమ్మదగినవిగా పేర్కొన్న పోర్టుల నుంచి కాక వేరేచోట నుంచి వచ్చే డీహెచ్‌సీపీ జవాబులను అడ్డుకునే ఏర్పాటు. అసలు సర్వర్ వైపు వెళ్లే పోర్టును నమ్మదగినదిగా ముందే సెట్ చేయకపోతే, స్నూపింగ్ ఆన్ చేశాక ఎవరికీ కొత్త చిరునామా అందదు.