జపాన్‌లో భోజనానికి కూర్చుంటే చాప్‌స్టిక్స్ ఎక్కడ పెట్టాలి

ఆఫీసు పని మీదో టూర్‌కో జపాన్ వెళ్తున్నవాళ్లకి ఒక మాట. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం సరిగ్గా రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, చాలాచోట్ల స్పూన్ అడిగితే ఇస్తారు, దానికి టెన్షన్ అక్కర్లేదు. కానీ మధ్యలో నీళ్లు తాగడానికో ఫోన్ చూడడానికో వాటిని అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చి మాత్రం వదిలేయకండి. అక్కడ చనిపోయినవాళ్లకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు, మన పిండం లాంటిదే అనుకోండి. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించడమూ తప్పే, దహనం అయ్యాక అస్థికలు అందుకునేది అలాగే కాబట్టి. ఇవ్వాలంటే వాళ్ల ప్లేటులో పెట్టేయండి. పుల్లలు ఆనించడానికి చిన్న స్టాండ్ ఇస్తారు, లేకపోతే అవి వచ్చిన కాగితం కవరునే మడిచి దాని మీద పెట్టుకోవచ్చు.

అన్నం గిన్నె చేత్తో ఎత్తి పట్టుకుని తినడం అక్కడ మర్యాదే. మీసో సూప్ గిన్నెతోనే తాగేయొచ్చు. సోబా, రామెన్ లాంటి నూడుల్స్ జుర్రుమని లాగినా ఎవరూ తలతిప్పి చూడరు (ఇంట్లో అయితే అమ్మ ఊరుకోదు). టిప్పు మాత్రం బల్ల మీద వదలకండి, మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చినా ఇస్తారు.