బాలిలో పెన్యబంగన్‌కి పనికొస్తున్న తమ్ముళ్లకి: పెట్టె విప్పకముందే పేట పెద్ద క్లియన్ ఇంటికి వెళ్లండి

పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోను. మన భీమవరం వైపు కుర్రాడు, రొయ్య పిల్లల హేచరీలో పనికి వచ్చి పన్నెండు రోజులైంది. "అన్నా, నలుపు తెలుపు గళ్ల పంచెలు కట్టుకుని నలుగురు గేటు దగ్గర నిలబడ్డారు. పోలీసులా? నన్ను పంపేస్తారా?" గొంతు వణుకుతోంది. వాళ్లు పోలీసులు కారు, పెచలాంగ్‌లు. ఊరి కట్టుబాట్లు చూసుకునే కాపలావాళ్లు. అద్దింట్లో పన్నెండు రోజులుగా లైటు వెలుగుతోంది, మనిషెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు, అడగడానికి వచ్చారు. అంతే.

దిగగానే క్లియన్‌ని కలవమని రాకముందే చెప్పాను వాడికి. "కాస్త కుదుటపడ్డాక వెళ్తాలే అన్నా" అన్నాడు. కుదుటపడేది వెళ్లాకే తమ్ముడూ, వెళ్లకముందు కాదు.

కొత్తగా వచ్చేవాళ్లకి ఊరి సంగతి కొంచెం. పెన్యబంగన్ బాలి దీవికి ఉత్తరపు అంచున, బులెలెంగ్ జిల్లా గెరోక్‌గాక్ మండలంలో ఉంది. ఒకపక్క ఎండిన కొండలు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో సింగరాజ నుంచి గిలిమనుక్ రేవుకి పోయే రోడ్డు. ఫోటోల్లో చూసే పచ్చని మెట్ల పొలాలు ఇక్కడ వెతక్కు. వానలు తక్కువ, ద్రాక్ష తోటలు కనిపిస్తాయి. గొండోల్ అనే చోట సముద్రపు చేపల పెంపకం మీద ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది. దాని పుణ్యాన తీరం పొడవునా ఇళ్ల వెనకే సిమెంటు తొట్లు కట్టి, మిల్క్‌ఫిష్ పిల్లల్ని పెంచుతారు. చేపని బండెంగ్ అంటారు, దాని పిల్లని నెనెర్ అంటారు. ఆ పిల్లలు ఫిలిప్పీన్స్ దాకా వెళ్తాయి. పని నీకు తెలిసిందే, వెనామీ రొయ్య ఎక్కడైనా వెనామీయే.

వీసా, కితాస్ (ఇక్కడ కొంతకాలం ఉండటానికిచ్చే అనుమతి) కాగితాలు కంపెనీ చూసుకుంటుంది. కరెంటు ముందే డబ్బు కట్టే మీటరు, ఇరవై అంకెల టోకెన్ కొట్టాలి, అయిపోవస్తే కూత పెడుతుంది. తాగడానికి 19 లీటర్ల క్యాను నీళ్లు, దాన్ని ఇక్కడ గాలన్ అంటారు. ఇవన్నీ రెండు రోజుల్లో నీకే వస్తాయి, వీటి గురించి ఫోన్ చెయ్యకు.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడ ఒకే ఊళ్లో రెండు ఊళ్లుంటాయి. ఒకటి దేస దినాస్, ప్రభుత్వపు ఊరు. దాని పెద్ద పెర్బెకెల్. రెండోది దేస ఆదత్, గుళ్లు, శ్మశానం, ఆచారాలు చూసుకునే ఊరు. దాని పెద్ద బెందేస ఆదత్. ఇది ఉత్త సంప్రదాయం అనుకునేవు, 2019లో బాలి ప్రభుత్వం నాలుగో నంబరు చట్టంతో దీనికి అధికారికంగా స్థానం ఇచ్చింది. దాని ప్రకారం మనలాంటి వాళ్లం 'తమియు', అంటే అతిథులం. నువ్వు దిగే పేటని బంజర్ అంటారు. దాని పెద్ద క్లియన్. చాలా ఊళ్ల మొదట్లో బోర్డుంటుంది, 'అతిథులు 24 గంటల్లో తెలియజేయాలి' అని. దాన్ని నేను మూడు నెలలు రోజూ చూశాను, చదవలేదు.

క్లియన్ ఇంటికి సాయంత్రం స్నానం చేసి వెళ్లు. పాస్‌పోర్టు, కితాస్ నకళ్లు పట్టుకెళ్లు. అరకిలో కాఫీపొడి, కిలో పంచదార తీసుకెళ్తే బాగుంటుంది, డబ్బులు మాత్రం చేతిలో పెట్టకు. వాకిట్లో కొబ్బరాకు బుట్టలో పూలు కనిపిస్తే అది చనంగ్, దేవుడికి పెట్టింది, తొక్కకు. "ఓం స్వస్తియస్తు" అను. ముస్లిం ఇంటికైతే "సెలమత్ సోరె" అంటే చాలు. ఏదిచ్చినా కుడిచేత్తో ఇవ్వు, చూపుడువేలితో ఎవర్నీ చూపించకు, బొటనవేలు వాడు. పెద్దవాళ్లని పాక్, ఇబు అనాలి. నీకన్నా కాస్త పెద్ద కుర్రాణ్ణి బ్లి అంటే మనం అన్నా అన్నట్టే. నెలకింత చందా అని చెప్తే రసీదు అడిగి కట్టు, మొహం చిట్లించకు. అరగంట పని. ఈ అరగంటకి మనవాళ్లంతా ఎందుకు బద్ధకిస్తారో నాకు అర్థం కాదు!

నా సంగతి చెప్తాను, ఇది చెప్పడానికి నాకు ఇష్టం లేదు. వచ్చిన రెండో నెలలో ఒక రాత్రి బంజర్‌లో కుల్‌కుల్ మోగింది. చెక్కని తొలిచి చేసిన పొడుగాటి గంట అది, ఊరిని పోగుచేయడానికి కొడతారు. ఏదో పండగనుకుని కిటికీ మూసి పడుకున్నాను. మర్నాడు ఆదివారం, స్పీకర్లో పాటలు పెట్టుకుని బట్టలు ఉతుక్కున్నాను. మూడిళ్ల అవతల ముసలాయన పోయాడు. శవం ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆ గుమ్మం ముందు నుంచే డ్యూటీకి వెళ్లొచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. పెళ్లికి పిలవాలి గానీ చావుకి పిలవక్కర్లేదని మన ఊళ్లో పెరిగినవాణ్ణే కదా నేను.

అంతకుముందు రోడ్డెక్కితే చాలు, "మౌ కె మనా?" అనేవాళ్లు, ఎక్కడికీ అని. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగడం మనకి అపశకునం, ఒళ్లు మండేది. ఇక్కడ అది పలకరింపు, జవాబు కూడా అక్కర్లేదు, "జలన్ జలన్" అంటే సరిపోతుంది. ఆ చావు తర్వాత ఎవరూ అడగలేదు. వారుంగ్‌లో, అంటే చిన్న కాఫీ కొట్టులో, కాఫీ ఇచ్చేవాళ్లు, మాట ఉండేది కాదు. నెల తర్వాత తొట్టి కడుగుతూ తోటి పనివాడు చెప్తే గానీ కారణం తెలియలేదు.

కాబట్టి చావు తెలిస్తే వెళ్లు. బియ్యం, పంచదార, కాఫీపొడి తీసుకెళ్లి కాసేపు కూర్చో. మెజెనుకన్ అంటారు దాన్ని. ఏమీ మాట్లాడక్కర్లేదు. మైల వీళ్లకీ ఉంది, చావింటి వాళ్లు గుడికి వెళ్లరు, మనకి విడమరిచి చెప్పే పనే లేదు.

న్యెపి గురించి కూడా ఇందుకే చెప్తున్నాను. శక సంవత్సరాది అది. 2023లో, 2026లో మన ఉగాది రోజే వచ్చింది. ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నిప్పు లేదు, పని లేదు, ప్రయాణం లేదు, వినోదం లేదు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. మరి హేచరీలో తొట్లకి గాలి కొట్టే బ్లోయర్ ఆగితే పిల్లలు బతుకుతాయా? అందుకని వారాల ముందే బెందేసతో మాట్లాడి, లోపల ఎవరుంటారో పేర్లిచ్చి, వెలుతురు బయటికి కనపడకుండా కిటికీలకి నల్ల పట్టాలు కట్టాలి. ముక్కూ మొహం తెలియనివాడు ఆ ముందురోజు వెళ్లి అడిగితే ఎవరు ఒప్పుకుంటారు చెప్పు?

తిండికి బెంగ వద్దు. ఇంగ్లీషువాడు అన్నిటినీ రైస్ అనేస్తాడు గానీ, వీళ్లకి వరి పాది, వడ్లు గబా, బియ్యం బెరాస్, అన్నం నాసి. మనలాగే. శాకాహారివైతే సంబల్‌లో, అంటే మిరపకాయ పచ్చడిలో, తెరాసి ఉందా అని అడుగు, అది రొయ్యల ముద్ద. జుకుత్ ఉందిస్ అని ఒక పులుసు చేస్తారు ఈ జిల్లాలో. ఉందిస్ అంటే మన కందులే, నల్ల రకం.

ఆ పులుసు నేను మొదట తిన్నది ఆ చావింట్లోనే. సంగతి తెలిసిన సాయంత్రమే బియ్యం సంచీ పట్టుకుని వెళ్లాను, నెల ఆలస్యంగా. గుమ్మంలో నిలబడి "మాఫ్" అన్నాను, అంతకుమించి భాష రాదు. ముసలావిడ చాప వేసి, "సుదా మకన్?" అంది. తిన్నావా అని. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకెప్పుడూ మాట పడలేదు. కాబట్టి ఇప్పటికే ఆలస్యమైనవాళ్లు కూడా వెళ్లండి, ఏమీ అనరు.

ఆ కుర్రాణ్ణి ఆ రాత్రే ఫోన్లో ఉంచుకుని పెచలాంగ్‌తో మాట్లాడాను. మర్నాడు సాయంత్రం తీసుకెళ్లాను. క్లియన్ పేరు రాసుకుని, జ్వరం వస్తే ఏ తలుపు కొట్టాలో చూపించాడు.