ప్రభుత్వ ప్రయోగశాలతో ఒప్పందానికి వెళ్లే బయోటెక్ కంపెనీ ముందుగా చూసుకోవలసినవి

ప్రభుత్వ పరిశోధన సంస్థల దగ్గరకు వెళ్లే చిన్న బయోటెక్ కంపెనీలు చాలా వరకు గ్రాంటును దృష్టిలో పెట్టుకునే వెళతాయి. నా అభిప్రాయంలో అక్కడ అడగవలసిన వాటిలో డబ్బు చివరిది. తొలి దశ ఆలోచనకు నిధులు కావాలంటే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2012లో నెలకొల్పిన బైరాక్ ఉంది. దాని బిగ్ పథకం కింద 18 నెలల వ్యవధికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ప్రయోగశాలల వద్ద దొరికేవి మార్కెట్లో డబ్బు పెట్టినా దొరకవు: వేరుచేసి గుర్తించిన వైరస్‌లు, ఏళ్ల తరబడి భద్రపరచిన రోగుల నమూనాలు, ప్రమాదకర సూక్ష్మజీవులతో పని చేయగల బీఎస్ఎల్-3, బీఎస్ఎల్-4 గదులు, జంతువులపై పరీక్షలు నడిపిన అనుభవం. అందువల్ల మొదటి పనిగా, మీరు కొనలేనిది, సొంతంగా నిర్మించుకోలేనిది ఏమిటో ఒక పేజీలో రాసుకోండి. ఆ పేజీ ఖాళీగా మిగిలితే భాగస్వామ్యం అవసరం లేదు, బైరాక్‌కు దరఖాస్తు చాలు.

కోవాగ్జిన్ విషయంలో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. 2020 మే 9న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తన భాగస్వామ్యాన్ని ప్రకటించినప్పుడు, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన కరోనా వైరస్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగించినట్లు చెప్పింది. ఆ వైరస్‌ను పెంచి, నిర్వీర్యం చేసి టీకాగా మలచే పని జీనోమ్ వ్యాలీలోని కంపెనీ కేంద్రంలో జరిగింది. కోతులపై, హామ్‌స్టర్లపై పరీక్షలు పుణె సంస్థ చేసింది. 2021 జనవరి 3న అత్యవసర వినియోగానికి అనుమతి వచ్చింది. ఎవరి వద్ద లేనిది ఎవరు తెచ్చారో ఇంత సూటిగా చెప్పగలిగితే మీ ప్రతిపాదన సగం సిద్ధమైనట్లే.

సంస్థను ఎంచుకునేటప్పుడు పేరుప్రతిష్ఠలు చూడకండి, మీకు అవసరమైన విభాగంలో ఎవరు ఏ పని చేస్తున్నారో చూడండి. రసాయన సంశ్లేషణ అయితే హైదరాబాద్ ఐఐసీటీ, కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం అయితే సీసీఎంబీ, పోషకాహారం అయితే జాతీయ పోషకాహార సంస్థ, పశువ్యాధులైతే ఎన్ఐఏబీ. ఈ నాలుగూ ఒకే నగరంలో ఉండడం మనవాళ్లకు కలిసొచ్చిన విషయం. సిద్ధమైన సాంకేతికతను బయటికి ఇవ్వదలచినప్పుడు ఐసీఎంఆర్ వంటి సంస్థలు ఆసక్తి వ్యక్తీకరణ ప్రకటన ఇస్తాయి. 2022 జులైలో మంకీపాక్స్ వైరస్‌ను వేరుచేసిన తరువాత టీకా, నిర్ధారణ కిట్ల తయారీ కోసం ఐసీఎంఆర్ అలాగే కంపెనీలను పిలిచింది. ఇటువంటి ప్రకటనలకు గడువు కొద్ది వారాలే ఉంటుంది కాబట్టి కంపెనీ ఆడిట్ లెక్కలు, తయారీ లైసెన్సులు, పరిశోధన విభాగానికి కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపు వంటి కాగితాలను ముందే సిద్ధం చేసుకుని ఉంచుకోవాలి. ప్రకటన లేకపోయినా నేరుగా శాస్త్రవేత్తను కలవవచ్చు. అయితే సంతకం చేసే అధికారం ఆయనకు ఉండదు, సంచాలకుడికో ప్రధాన కార్యాలయానికో ఉంటుంది. ఈ తేడా తెలియక నెలల తరబడి ఒకే గదిలో చర్చలు సాగించే కంపెనీలు ఉన్నాయి.

గోప్యత ఒప్పందం, ఆ తరువాత నమూనాల బదిలీ ఒప్పందం కుదిరే వరకు ఒక్క సీసా కూడా చేతులు మారకూడదు. రెండవ ఒప్పందంలో ఆ నమూనా నుంచి పుట్టే ప్రతి కొత్త కణశ్రేణి, ప్రతి మార్పు చేసిన స్ట్రెయిన్ ఎవరిదో రాయించాలి. దేశంలోని మొక్కలు, సూక్ష్మజీవుల వంటి జీవవనరుల ఆధారంగా పేటెంట్ కోరుతున్నట్లయితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ పరిధిలోకి వస్తారన్న సంగతి కూడా అప్పుడే గుర్తుంచుకోవాలి.

ఎక్కువ సమయం వెచ్చించవలసింది పేటెంట్ నిబంధన మీద. ‘ఇద్దరం సమాన యజమానులం’ అని ఒక వాక్యం రాసి ముగించడం ఇద్దరికీ హాయిగానే ఉంటుంది, కానీ భారత పేటెంట్ చట్టం 50వ సెక్షన్‌ను చదివితే ఆ హాయి నిలవదు. వేరే ఒప్పందం లేనప్పుడు ప్రతి సహ యజమాని రెండవ వారికి లెక్క చెప్పకుండానే ఆవిష్కరణను సొంతంగా వాడుకోవచ్చు. అయితే రెండవ వారి అంగీకారం లేకుండా లైసెన్సు ఇవ్వడానికి గాని, తన వాటాను బదిలీ చేయడానికి గాని వీలులేదు. తయారీ కర్మాగారం లేని ప్రయోగశాలకు ‘సొంతంగా వాడుకునే’ హక్కు వల్ల చేతికి వచ్చేది ఏమీ ఉండదు కాబట్టి రాయల్టీ విడిగా రాసి తీరాలి. విదేశీ భాగస్వామికి ఉపలైసెన్సు ఇవ్వదలచిన కంపెనీ ప్రతిసారీ ప్రయోగశాల సంతకం కోసం ఎదురుచూడకుండా ముందస్తు అనుమతిని అదే ఒప్పందంలో చేర్చుకోవాలి. దరఖాస్తులో ఎవరి పేర్లు ఉండాలో, దాన్ని దాఖలు చేయడానికి ముందు రెండవ పక్షానికి ఎవరు చూపాలో కూడా స్పష్టంగా ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, కోవాగ్జిన్ పేటెంట్ దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేకపోవడం 2024లో వార్తలకెక్కింది. అది అనుకోకుండా జరిగిన పొరపాటని చెప్పిన కంపెనీ, ఐసీఎంఆర్‌ను సహ యజమానిగా చేరుస్తూ దరఖాస్తులను సవరించే పని చేపట్టింది.

రాయల్టీ శాతాన్ని నికర అమ్మకాలపై లెక్కించడం వాడుక. కోవాగ్జిన్‌కు అది 5 శాతం. ‘నికరం’ అంటే ఏయే తగ్గింపులు పోగా మిగిలినదో నిర్వచించకపోతే ఆ శాతానికి అర్థం ఉండదు. ప్రభుత్వ పక్షం ధర గురించి, దేశీయ సరఫరాకు ప్రాధాన్యం గురించి కూడా షరతు కోరుతుంది. దాన్ని ఆఖరి రోజున వినడం కంటే మొదటి చర్చలోనే అడిగి తెలుసుకోవడం నయం.

వ్యాసాల ప్రచురణ మీద కూడా ముందే మాట్లాడుకోవాలి. శాస్త్రవేత్తకు ప్రచురణే పదోన్నతి. పేటెంట్ దరఖాస్తు పడకముందే వ్యాసం అచ్చయితే మీ ఆవిష్కరణకు కొత్తదనం పోయే ప్రమాదం ఉంది. వ్యాసం పంపే ముందు కంపెనీకి రెండు మూడు నెలల పరిశీలన గడువు ఇవ్వడం ఇద్దరికీ సరిపోయే ఏర్పాటు.

ప్రయోగశాల ఇచ్చే సమాచారం ఎంత మంచి శాస్త్రమైనా, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అంగీకరిస్తుందన్న హామీ లేదు. విషప్రభావ పరీక్షలు జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతుల ప్రమాణం) గుర్తింపు ఉన్న కేంద్రంలో జరిగి ఉండాలి. విశ్వవిద్యాలయ స్థాయి ప్రయోగశాలలు చాలా వాటికి ఆ గుర్తింపు ఉండదు. ఏ పరీక్షను మళ్లీ చేయించాలో, దాని ఖర్చు ఎవరిదో ప్రణాళిక దశలోనే తేల్చుకోండి. జన్యుమార్పిడి జీవులతో పని ఉంటే సంస్థాగత జీవభద్రతా కమిటీ, దానిపైన బయోటెక్నాలజీ విభాగంలోని జన్యుమార్పిడి సమీక్షా కమిటీ (ఆర్‌సీజీఎం) అనుమతులకు కూడా కాలం కేటాయించాలి.

గ్రాంటు తీసుకున్నట్లయితే అది విడతలుగా వస్తుంది, ఒక విడతకు వినియోగ ధ్రువపత్రం సమర్పిస్తేనే తరువాతిది విడుదలవుతుంది. ఆ ఆలస్యాన్ని తట్టుకునేంత నగదు చేతిలో ఉంచుకోవడం, గ్రాంటుకు ప్రత్యేక ఖాతా నడపడం తప్పనిసరి.

కాలపరిమితిని ఆశతో కాక అనుభవంతో రాయండి. కోవాగ్జిన్ వేగం మహమ్మారి వల్ల వచ్చింది. శిశువుల్లో విరేచనాలు కలిగించే రోటావైరస్‌కు టీకా అయిన రోటావాక్ చరిత్ర మామూలు రోజులకు దగ్గరగా ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల మధ్యలో శిశువుల నుంచి గుర్తించిన 116ఈ అనే రోటావైరస్ రకం ఆధారంగా భారత్ బయోటెక్, బయోటెక్నాలజీ విభాగం, దేశవిదేశ సంస్థలు కలిసి పనిచేయగా ఆ టీకాకు 2014లో లైసెన్సు లభించింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదట చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకాలంలో సంచాలకులు మారతారు, శాస్త్రవేత్తలు పదవీ విరమణ చేస్తారు, కంపెనీ చేతులు మారవచ్చు. అందుకే విరమణ నిబంధన రాసుకోవాలి: ఎవరు మధ్యలో తప్పుకున్నా మాతృకణాల నిల్వ ఎవరి దగ్గర ఉంటుంది, ప్రయోగ నమోదు పుస్తకాల నకళ్లు ఎవరికి చేరతాయి, పని ఆపేసిన కంపెనీ నుంచి లైసెన్సును ఎన్ని నెలల నోటీసుతో వెనక్కి తీసుకుని మరొకరికి ఇవ్వవచ్చు అన్నవి అందులో ఉండాలి.