సైలెన్సర్‌లో పట్టేసిన బాఫిల్‌ను ఎలా తీయాలి?

బుల్లెట్‌కో డ్యూక్‌కో బయట కొన్న సైలెన్సర్ బిగించుకున్నవాళ్లలో చాలామంది దాని చివర లోపలికి దూర్చి ఉండే చిన్న గొట్టాన్ని పట్టించుకోరు. అదే బాఫిల్. డీబీ కిల్లర్ అని కూడా అంటారు. పొగ సూటిగా బయటికి తన్నుకురాకుండా దారిని ఇరుకు చేసి, చప్పుడు తగ్గించడం దాని పని. కొత్తలో ఒక్క ఎలన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. రెండు వానాకాలాలు దాటాక బోల్టు విప్పినా కదలదు.

కారణం తెలిస్తే తీయడం తేలికవుతుంది. ఇంజిన్ పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకు రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఆ ఆవిరి లోపలే నీరవుతుంది. ఆ నీరు మసితో కలిసి బాఫిల్‌కు, గొట్టానికి మధ్య ఉన్న సన్నని సందులో చేరుతుంది. ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ కాలి గట్టి పెచ్చులా మారుతుంది. ఇనుము చౌక రకమైతే తుప్పు కూడా తోడవుతుంది. అంటే బాఫిల్‌ను పట్టి ఉంచేది ఆ సందులోని పెచ్చు. దాన్ని పగలగొట్టకుండా బాఫిల్‌ను లాగితే అంచు చిరుగుతుంది తప్ప అది బయటికి రాదు.

ఒక మాట ముందే చెప్పాలి. దీన్ని తీసేది లోపలి మసి శుభ్రం చేయడానికి, కాలిపోయిన గ్లాస్ వూల్ (చప్పుడు పీల్చుకునే గాజు పీచు) మార్చడానికి, గలగలమనే బాఫిల్‌కు వెల్డింగ్ పెట్టించడానికి. చప్పుడు పెంచుకోవడానికి కాదు. మన దేశంలో 175 సీసీ దాటిన బైకులకు తయారీ దశలోనే శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. బాఫిల్ లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు పడొచ్చు. లైసెన్సూ 3 నెలలు పక్కన పెట్టాల్సి రావచ్చు. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించారు కూడా. బాఫిల్ ఉన్నంత మాత్రాన బయటి సైలెన్సర్ చట్టబద్ధం అయిపోదు. అది లేకపోతే మాత్రం వీధి చివర నుంచే అందరికీ తెలిసిపోతుంది.

మొదటి పని: సైలెన్సర్‌ను బండి నుంచి దించండి

బండి మీదే పని కానిచ్చేద్దామనే బద్ధకం వద్దు. సుత్తి దెబ్బలన్నీ సైలెన్సర్ వేలాడే హ్యాంగర్ బ్రాకెట్ మీద, ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపు అతుకు మీద పడతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆ అతుకు దగ్గరి క్లాంపు వదులు చేసి, హ్యాంగర్ బోల్టు విప్పి, సైలెన్సర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ వెనక్కి లాగండి. వైస్‌లో రెండు చెక్కముక్కల మధ్య, పాత టవల్ చుట్టి పట్టించండి. గట్టిగా బిగిస్తే గొట్టం సొట్టబోతుంది. కదలకుండా నిలిస్తే చాలు.

రెండో పని: బాఫిల్‌ను ఏది పట్టి ఉంచిందో చూడండి

టార్చి వేసి చూడండి. ఎక్కువ వాటిలో కింద వైపు ఎమ్5 లేదా ఎమ్6 (5 లేదా 6 మిల్లీమీటర్ల మందం) ఎలన్ బోల్టు ఒకటి ఉంటుంది. కొన్నింటిలో లోపల గాడిలో కూర్చున్న లాక్ రింగు ఉంటుంది. దానికి సర్క్లిప్ ప్లయర్ కావాలి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎగిరి కంట్లో పడుతుంది. కొన్నింటికి రివెట్లు ఉంటాయి. 4.8 మిల్లీమీటర్ల రివెట్ అయితే 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో తల తీసేయొచ్చు. అంచు చుట్టూ చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు కనిపిస్తే అది తీయడానికి చేసింది కాదు. అక్కడితో ఆగిపోండి.

బోల్టు దగ్గరే సగం మంది ఓడిపోతారు. ముందు ఎలన్ గుంటలోని మసిని సూదితో తోడేయండి, లేకపోతే కీ పూర్తిగా దిగదు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కీ పెట్టి, విప్పేముందు బోల్టు తల మీద సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేయండి. మరలోని తుప్పు చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ పోవాలి. స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ నట్టులో ఉంటే ఇంపాక్ట్ గన్ (దెబ్బ కొడుతూ వేగంగా తిప్పే మెషిన్) పెట్టకండి. వేగంగా తిరిగితే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ తర్వాత విరగడం తప్ప దారి లేదు.

గుంట అరిగిపోయి కీ జారుతోందా? ఒక సైజు పెద్ద, నక్షత్రం ఆకారపు కొన ఉండే టార్క్స్ బిట్‌ను సుత్తితో దిగ్గొట్టి తిప్పండి. బోల్టు తల తెగిపోతే మధ్యలో పంచ్ కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి 5 వరకు పెంచండి. ఎమ్6 మర మళ్లీ కోయడానికి కావలసిన రంధ్రం సరిగ్గా అంతే.

మూడో పని: నానబెట్టడం, తట్టడం

సైలెన్సర్‌ను నోరు పైకి వచ్చేలా నిలబెట్టి, బాఫిల్ అంచు చుట్టూ సందులోకి స్ప్రే కొట్టండి. తక్కువే కొట్టండి. ఎక్కువైతే కిందికి కారి గ్లాస్ వూల్ పీల్చుకుంటుంది, తర్వాత బండి స్టార్ట్ చేస్తే వీధంతా పొగ. రెండు గంటలకోసారి మళ్లీ కొద్దిగా కొడుతూ, మధ్యలో రబ్బరు సుత్తితో బయటి గొట్టం చుట్టూ తట్టుతూ ఉండాలి. ఆ అదురుకే నూనె లోపలికి దిగుతుంది. ఒక రోజు పట్టినా ఫర్వాలేదు.

నాలుగో పని: లాగకండి, తిప్పండి

బోల్టు రంధ్రం వైపు నుంచి బాఫిల్ అంచును వైస్ గ్రిప్‌తో పట్టుకోండి. ఎడమకు, కుడికి వంతులవారీగా తిప్పండి. వెంట్రుకవాసి కదిలినా పెచ్చు విరిగిందన్నట్టే. అప్పుడు మళ్లీ స్ప్రే, మళ్లీ తిప్పడం. తిరగడం మొదలయ్యాకే లాగే ఆలోచన చేయాలి.

కదలకపోతే వేడి పెట్టండి. ఇక్కడ జాగ్రత్త. కొట్టిన నూనెను సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే, ఆరుబయట పెట్టాలి. బయటి గొట్టాన్ని మాత్రమే చుట్టూ సమానంగా హీట్ గన్‌తో వేడి చేయండి. 50 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం వేడి 200 డిగ్రీలు పెరిగితే దాదాపు 0.17 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. పెచ్చు పట్టు వదలడానికి అది చాలు. లోపలి బాఫిల్ కూడా వేడెక్కకముందే తిప్పాలి. కార్బన్ ఫైబర్ తొడుగుకు, నల్ల పౌడర్ కోటింగ్‌కు ఈ పద్ధతి పనికిరాదు, కాలిపోతాయి. క్రోమ్ అయితే నీలం రంగు తిరుగుతుంది.

ఐదో పని: పుల్లర్

ఇంకా మొండికేస్తే చాలామంది బరువు జార్చి కొట్టే స్లైడ్ హ్యామర్ తెస్తారు. నాకది నచ్చదు. ప్రతి దెబ్బ ఎండ్ క్యాప్ (సైలెన్సర్ చివరి మూత) రివెట్ల మీద పడుతుంది, బాఫిల్‌తో పాటు క్యాపూ ఊడుతుంది. హార్డ్‌వేర్ షాపు సామానుతో పుల్లర్ (నట్టు బిగిస్తూ లాగే పనిముట్టు) చేసుకోవడం మేలు. ఒక ఎమ్10 త్రెడ్ రాడ్ తీసుకోండి. దాని చివర, బాఫిల్ లోపలి వ్యాసం కన్నా కాస్త పొడవైన ఇనుప పట్టీని నట్టుతో వదులుగా బిగించండి. పట్టీని వాల్చి బాఫిల్‌లోంచి అవతలికి దాటించి, అడ్డంగా తిప్పండి. బయట బాఫిల్ అంచు పట్టేంత వెడల్పున్న జీఐ పైపు ముక్కను ఎండ్ క్యాప్ మీద ఆనించి, దానిపై మందపాటి పట్టీ, దానిపై నట్టు వేసి బిగించండి. బాఫిల్ నిదానంగా పైపు ముక్కలోకి ఎక్కుతుంది. పైపు క్యాప్‌నే నొక్కుతుంది కాబట్టి రివెట్ల మీద లాగుడు పడదు. నట్టు బిగుసుకున్నప్పుడల్లా రాడ్ చివర ఒక చిన్న దెబ్బ వేయండి.

బాఫిల్ లోపలి కొన మూసి ఉంటే పట్టీ దాటదు. సైలెన్సర్ సూటి గొట్టమైతే ముందు వైపు నుంచి పొడవాటి కర్ర దూర్చి నెట్టొచ్చు. అదీ కుదరకపోతే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి బాఫిల్ అంచుకే ఒక నట్టు అతికించమనండి. అక్కడ రాడ్ బిగించి లాగొచ్చు. వెల్డింగ్ వేడికే సగం పట్టు వదులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

లోపలి మసిని వైర్ బ్రష్‌తో గీకండి. అల్యూమినియం భాగాలుంటే కాస్టిక్ సోడా జోలికి పోవద్దు, లోహాన్నే తినేస్తుంది. గ్లాస్ వూల్ ముట్టుకునేముందు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. బాఫిల్ చుట్టూ, బోల్టు మరకు రాగి గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు కాలిపోయి మళ్లీ పెచ్చు కడుతుంది. పాత బోల్టు పారేసి కొత్తది, స్ప్రింగ్ వాషర్‌తో వేయండి. మొదటిసారి బండి తిరిగి వచ్చి చల్లారాక ఇంకోసారి బిగించి చూడండి. వేడికి సర్దుకుని బోల్టు వదులైతే బాఫిల్ హైవే మీద వెనక వచ్చేవాళ్ల మీదికి ఊడిపడుతుంది. ఆ తర్వాత ఏటా తొలకరికి ముందు ఒకసారి విప్పి, గ్రీజు రాసి పెట్టేస్తే ఈ పుల్లర్ మళ్లీ తీయాల్సిన పని రాదు.