స్ప్రేయర్ వాషర్‌కి గ్రీజు వద్దు, ఆముదం రాయండి

మిర్చికి మందు కొట్టే చేతి స్ప్రేయర్‌లో వాషర్ బిగుసుకుంటే చాలామంది చేతికందిన గ్రీజు పూసేస్తారు. నేనూ పూశాను. పది రోజులకే రబ్బరు ఉబ్బి పిస్టన్ కదలనని మొరాయించింది. మామూలు రబ్బరు గ్రీజులో ఉండే పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది, ఆముదానికి ఉబ్బదు. ఆ మాటకొస్తే ఒకప్పుడు బ్రేక్ ఆయిల్లో కూడా ఆముదం కలిపేవాళ్లు.

ఇప్పుడు గుంటూరులో మా వీధి కిరాణా కొట్లో దొరికే ఆముదమే వాడుతున్నాను. చేతికి తొడుగు వేసుకుని, పంపు బాగా కడిగి ఆరనిచ్చి, పాత జిడ్డు గుడ్డతో తుడిచేయండి. తర్వాత వాషర్ అంచు చుట్టూ పల్చగా రాయండి, రెండు చుక్కలు చాలు. తోలు వాషరైతే రాత్రంతా ఆముదంలో నానబెట్టండి. అట్టముక్కలా ఎండిపోయింది కూడా తెల్లారేసరికి మెత్తబడి గొట్టానికి ఒత్తుకుని కూర్చుంటుంది.

వంటింట్లో సన్‌ఫ్లవర్ ఆయిల్ ఉందిగా అని అది మాత్రం పోయకండి. గాలి తగిలేకొద్దీ చిక్కబడి బంకలా పట్టేస్తుంది. ఆముదం అంత తొందరగా అలా కాదు. అలాగని కుట్టుమిషన్లో వేసేరు, దానికి ఆముదం మరీ చిక్కన. అక్కడ మిషన్ ఆయిలే వేయాలి.