దాబా మీద పొద్దు గుర్తులు: కుస్కో పద్ధతిలో మిరుగం లెక్క

మా ఊరు పరకాల పక్కన. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. ఒకసారి క్లాసులో ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఇన్కా వాళ్లకు అక్షరాలు లేవంటిరి, మరి విత్తనం ఎప్పుడు పెట్టాల్నో ఎట్ల తెలిసేది?" దారానికి ముడులు వేసి లెక్కలు దాచుకునేవాళ్లని చెప్పి ఊరుకున్నాను. అది సరైన జవాబు కాదని నాకే తెలుసు. తర్వాత చదివి తెలుసుకున్నది మా దాబా మీద చేసి చూశాను. పొద్దు కుంకే చోటును బట్టి మిరుగం, అంటే మృగశిర కార్తె, ఎప్పుడొస్తుందో తెలుసుకునే ఆ పద్ధతి మీకూ చెప్తాను.

ఇన్కాలంటే స్పానిష్ వాళ్లు రాకముందు దక్షిణ అమెరికాలో రాజ్యమేలినవాళ్లు. కుస్కో వాళ్ల రాజధాని. ఇప్పటి పెరూ దేశంలో, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఊరికి పడమటి కొండ మీద నాలుగు స్తంభాలు నిలిపారట. ఊరి నడుమ మైదానంలో ఉష్ను అనే గద్దె దగ్గర నిలబడి చూస్తే, కుంకే పొద్దు ఆగస్టులో మొదటి స్తంభం దాటగానే ఎత్తు మీది పొలాల వాళ్లు విత్తనానికి సిద్ధమయ్యేవాళ్లు. నడిమి రెండు స్తంభాల మధ్యకు వస్తే కుస్కో లోయ అంతా విత్తనం. స్పానిష్ వాళ్లు వచ్చిన తర్వాత రాసిపెట్టిన మాట ఇది. ఆ స్తంభాల్లో ఇప్పుడు ఒక్కటీ నిలిచి లేదు.

ఇందులో అందరి కళ్లూ స్తంభాల మీదికే పోతాయి. నా దృష్టిలో అసలు సంగతి గద్దె. అక్కడి సూర్యదేవాలయం కోరికాంచా నుంచి 41 గీతలు నలుదిక్కులకూ పోయేవనీ, వాటి వెంట 328 పూజాస్థలాలు ఉండేవనీ బెర్నాబే కోబో అనే మతగురువు 1653లో రాశాడు. అంత పెద్ద అమరిక కూడా ఒక్క చోటి నుంచే మొదలైంది. కాబట్టి మీరూ ముందు నిలబడే చోటు ఖాయం చేసుకోండి.

నేను మొదటి ఏడు అక్కడే తప్పుచేశాను. ఒకరోజు చెరువుకట్ట మీది తాటిచెట్టు వెనక పొద్దు కుంకిందని రాసుకున్నా. రెండు రోజులకు చూస్తే లెక్క కుదరలేదు. నేను నీళ్ల ట్యాంకుకు ఇటుపక్క కాకుండా అటుపక్క నిలబడ్డానని తర్వాత తట్టింది. వంద మీటర్ల దూరంలో ఉన్న చెట్టును గుర్తు పెట్టుకుంటే, మీరు ఒక్క అంగ పక్కకు జరిగినా దాదాపు ఒక రోజు తేడా వచ్చేస్తుంది. గుర్తు కిలోమీటరు అవతలి గుట్ట మీద ఉంటే ఆ అంగతో పెద్దగా ఏమీ కాదు. కుస్కో వాళ్లు స్తంభాలను కొండెక్కించింది ఎందుకో అప్పుడు అర్థమైంది. దాబా మీద రెండు పాదాల గుర్తులు పెయింటుతో వేయండి. రోజూ వాటి మీదే నిలబడాలి.

తర్వాత పడమటి అంచును పొడుగాటి కాగితం మీద గీయండి. గుట్ట, చెట్టు, సెల్‌టవర్, గుడి శిఖరం, ఏది కనబడితే అది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు 10 డిగ్రీలు. మన దగ్గర పొద్దు ఏడాదంతా తిరిగే మేర దాదాపు ఐదు పిడికిళ్లు. నడి పడమరకు ఉత్తరాన రెండున్నర, దక్షిణాన రెండున్నర. ఆ మేర మొత్తం ఖాళీగా కనిపించాలి. ఎదురుగా అపార్ట్‌మెంట్ ఉంటే ఆ దాబా పనికిరాదు. కుస్కో భూమధ్యరేఖకు దక్షిణాన పదమూడున్నర డిగ్రీలు, ఓరుగల్లు ఉత్తరాన పద్దెనిమిది. అయినా పొద్దు తిరిగే మేర రెండుచోట్లా ఇంచుమించు ఒకటే.

పిల్లలతో చేస్తే ఒక్క జాగ్రత్త: పొద్దు అంచును తాకేదాకా దానికి వీపు పెట్టి నిలబడాలి. చివరి ఎర్రటి అంచు మాయమయ్యే చోటే గుర్తు. బైనాక్యులర్ ముట్టనే వద్దు.

మార్చి 21 చుట్టుపక్కల మొదలుపెడితే ఉత్సాహం వస్తుంది. అప్పుడు పొద్దు రోజుకు దాదాపు తన వెడల్పంత జరుగుతుంది. నాలుగు రోజుల్లో తేడా పిల్లలకు కూడా తెలుస్తుంది. జూన్ 21, డిసెంబరు 21 దగ్గర మాత్రం రోజుల తరబడి కదలనట్టే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. మనకు కావలసిన మిరుగం జూన్ 8న. అప్పటికి పొద్దు తన వెడల్పంత జరగడానికి ఐదారు రోజులు పడుతుంది, పైగా మబ్బులు. కుస్కోలో ఆగస్టు వానలు లేని కాలం, ఆకాశం తేటగా ఉంటుంది, పొద్దూ చురుగ్గా కదులుతుంది. వాళ్ల స్తంభాలు అందుకే పనిచేశాయి. మనం ముందున్న గుర్తును పట్టుకుని రోజులు లెక్కపెట్టుకోవాలి.

దానికి మన ఓరుగల్లుకే ఒక మంచి రోజు ఉంది. మే 11, 12 తేదీల్లో పొద్దు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తుంది. కృత్తిక కార్తె మొదలయ్యేది కూడా అప్పుడే. కుస్కోలోనైతే పొద్దు అట్ల నడినెత్తికి వచ్చేది అక్టోబరు చివర ఒకసారి, ఫిబ్రవరి నడుమ ఒకసారి. ఒక ఇనుప గొట్టాన్ని సమతలంగా ఉన్న చోట నిలబెట్టండి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుతో అన్నివైపులా సరిచూడండి. మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో నీడ గొట్టం అడుక్కి చేరి మాయమవుతుంది. ఆ రోజు నుంచి నాలుగు వారాలు లెక్కపెడితే మిరుగం. ఆ సాయంత్రమే దాబా ఎక్కి పొద్దు కుంకిన చోటు కూడా గుర్తు పెట్టుకోండి. మా దగ్గర అది గుట్ట ఎడమ భుజం మీద, రెండు బండరాళ్ల సందు.

మా బాపు ఒక ఏడు రోహిణిలో పడ్డ ఒక్క వానను నమ్మి పత్తి గింజ పెట్టి, అంతా ఎండిపోయి, మళ్లీ ప్యాకెట్లు కొన్నాడు. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా: ఈ గుర్తు తేదీ చెప్తుంది, వాన సంగతి చెప్పదు. తడి ఎంత లోతుకు దిగిందో దుక్కిలో చెయ్యి పెట్టి చూడాల్సిందే.

దాబా లేనివాళ్లు పడమటి కిటికీతో మొదలుపెట్టొచ్చు. ఇన్కాలు కొండ మీద కట్టిన పాత ఊరు మచు పిచ్చులో గుండ్రటి గోడల గుడి ఒకటుంది. జూన్ 21 ప్రాంతంలో పొద్దుపొడుపు వెలుగు దాని కిటికీలోంచి దూరి, లోపలి బండ మీద చెక్కిన అంచు వెంట పడుతుంది. మీ కిటికీకి నడుమ బెజ్జం ఉన్న అట్ట అంటించి, ఎదుటి గోడ మీద వెలుగుచుక్క పడ్డ చోట పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. రోజూ గడియారం చూసి ఒకే సమయానికి గీయాలి. గోడకు సున్నం వేసే ముందు ఆ గీతలన్నీ ఒక కాగితం మీదికి ఎత్తుకోండి. మా ఇంట్లో రెండేళ్ల గీతలు ఒక్క దసరా సున్నంతో పోయాయి.