లైకులున్నాయి, ఆర్డర్లు లేవు: చిన్న ఆన్‌లైన్ వ్యాపారానికి సమస్య - పరిష్కారం

విశాఖలో ఇంటి నుంచే పచ్చళ్లు, మాడుగుల హల్వా, ఏటికొప్పాక బొమ్మలు, చీరలు, కేకులు అమ్మేవాళ్లలో ఎవరిని కదిలించినా మొదట వచ్చే మాట ఒకటే: "రీచ్ పడిపోయిందండీ." అంటే పోస్టులు మునుపటంత మందికి కనిపించడం లేదని. ఆ వెంటనే, డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కేస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. కొనేవాళ్లు ముందు రీల్ చూస్తారు, తర్వాత ప్రొఫైల్‌లోకి వస్తారు, మెసేజ్ పెడతారు, ఆపైన డబ్బు పంపుతారు. ఎక్కడ ఆగిపోతున్నారో చూడకుండా రూపాయి ఖర్చు పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే, ఎవరు ఎంత చూశారో లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో చాలావరకు తెలిసిపోతుంది. అది ఉచితమే.

సమస్య 1: రీల్ ఎవరూ చూడటం లేదు

కారణం: చాలాసార్లు మొదటి రెండు మూడు సెకన్లే. లోగో గిర్రున తిరుగుతుంది, తర్వాత "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ పేజ్". ఈలోపే వేలు పైకి తోసేస్తుంది.

పరిష్కారం: చూడాల్సిన ముక్కను ముందుకు తెండి. ఏటికొప్పాక బొమ్మల రీల్స్‌లో ఎక్కువగా తయారైన బొమ్మలను బల్ల మీద వరసగా పెట్టి చూపిస్తారు. అసలు తమాషా అంతకుముందే జరిగిపోయింది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర చుట్టూ రంగు నున్నగా పట్టేస్తుంది. రీల్ అక్కడే మొదలవ్వాలి. హల్వా అయితే గరిటె నుంచి నెయ్యి కారుతున్న చోట.

వేరే యాప్‌లో చేసిన వీడియోను దాని వాటర్‌మార్క్‌తోనే (తెర మీద పడే ఆ యాప్ గుర్తు) ఎక్కిస్తే, కొత్తవాళ్లకు చూపించడంలో ఇన్‌స్టాగ్రామ్ దాన్ని పక్కన పెడుతుంది. మచ్చ లేని కాపీ పెట్టండి. బిజినెస్ ఖాతాకు మారాక సినిమా పాటలు మాయమయ్యాయని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. వ్యాపారానికి ఆ పాటలు వాడే హక్కు ఉండదు కాబట్టే అవి కనిపించవు. మీ గొంతుతోనే చెప్పండి. మన ఉత్తరాంధ్ర యాసలో చెబితే ఇంకా మంచిది, పాట కన్నా అదే గుర్తుంటుంది.

సమస్య 2: బూస్ట్ చేస్తే వ్యూస్ వచ్చాయి, ఒక్కరూ అడగలేదు

కారణం: రెండు సెట్టింగులు. ఒకటి లక్ష్యం. "ప్రొఫైల్ విజిట్స్" ఎంచుకుంటే ప్రొఫైల్ చూసి పోయేవాళ్లనే తెస్తుంది. రెండోది ప్రాంతం. ఆడియన్స్‌ను ఆటోమేటిక్‌గా వదిలేస్తే, ఎంవీపీ కాలనీలో చేసిన కేకు ప్రకటన ఎక్కడెక్కడి వాళ్లో చూస్తారు. వాళ్లు లైక్ కొడతారు, పాపం, కొనలేరు.

పరిష్కారం: లక్ష్యం "మెసేజెస్" పెట్టండి. ప్రాంతం చేత్తో ఎంచుకోండి. ఆర్కే బీచ్ మీద పిన్ గుచ్చి 15 కిలోమీటర్ల చుట్టు గీస్తే దాదాపు సగం సముద్రమే వస్తుంది, అటు భీమిలీ ఇటు అనకాపల్లీ బయటే ఉండిపోతాయి. మీరు నిజంగా డెలివరీ ఇవ్వగలిగే గాజువాక, మధురవాడ లాంటి చోట్లను విడివిడిగా చేర్చుకోండి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, లెక్కలో వేసుకోండి.

సమస్య 3: మెసేజ్‌లు వస్తాయి, రేటు చెప్పగానే మాయం

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. రీచ్ మీద ఏడుస్తున్నవాళ్లలో చాలామందికి అసలు చిల్లు ఇదేనని నా అభిప్రాయం.

మొదటి కారణం, రేటు దాచడం. కామెంట్‌లో "ప్రైస్ ప్లీజ్" అంటే "ఇన్‌బాక్స్ చేశాం" అంటారు. దాచిన రేటు ఎక్కువేనని జనం అనుకుంటారు. పోస్ట్‌లోనే రాసేయండి.

రెండో కారణం, రేటును విడతలుగా చెప్పడం. ముందు వస్తువు ధర, కాసేపయ్యాక కొరియర్, ఆ తర్వాత ప్యాకింగ్. మూడో మెసేజ్‌కి అవతలి మనిషి ఉండరు. మొత్తం ఒకేసారి చెప్పండి. ఉదాహరణకు:

"నమస్తే అండీ. బొమ్మల సెట్ 650. వైజాగ్‌లో డెలివరీతో కలిపి 710, బయట ఊళ్లకు 770. ఈరోజు డబ్బు పంపితే రేపు కొరియర్‌లో వేస్తాం. పిన్‌కోడ్ చెబుతారా?"

చివర ప్రశ్న ఉంది చూడండి, దానికి జవాబు ఇవ్వడం తేలిక. ఇలాంటివి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైగా (ముందే రాసిపెట్టుకున్న జవాబుగా) దాచుకుంటే, స్లాష్ గుర్తు కొట్టి వెంటనే పంపొచ్చు. వంట చేస్తూ కూడా జవాబు ఇవ్వొచ్చు.

మూడోది, కొరియర్ ఖర్చే ఎక్కువగా ఉండటం. చాలా కొరియర్లు బరువుతో పాటు పెట్టె సైజూ చూస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. కిలో బొమ్మలను 30, 30, 20 పెట్టెలో పెడితే 3.6 కిలోల ఛార్జీ. అవే 25, 20, 15 పెట్టెలో పడితే 1.5 కిలోలే. పెట్టె మార్చితే చాలు, రేటు తగ్గించక్కర్లేదు.

ఇక నమ్మకం. కొత్తవాళ్లకు "డబ్బు పంపాక వస్తువు వస్తుందా" అనే టెన్షన్ ఉంటుంది. తినే వస్తువైతే, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ప్రొఫైల్‌లో కనపడాలి. ఈరోజు ప్యాక్ చేసిన పార్శిల్ ఫొటో స్టోరీలో పెట్టండి, కాకపోతే కస్టమర్ చిరునామా, ఫోన్ నంబరు కప్పేయడం మరవకండి.

సమస్య 4: పాత కస్టమర్లు మళ్లీ రావడం లేదు

కారణం: మీరు బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి విడివిడిగా) పంపుతున్నారు, వాళ్లకు చేరడం లేదు. వాట్సాప్ మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితా మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. ఒక జాబితాలో 256 మంది దాకానే పడతారు.

పరిష్కారం: ట్రాకింగ్ నంబరు పంపేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, సంక్రాంతి పిండివంటల ఆర్డర్లు ముందుగా మీకే చెబుతాం" అనండి. పార్శిల్ కోసం ఎదురుచూస్తున్న మనిషి అప్పుడు తప్పకుండా చేస్తారు. రోజూ గుడ్‌మార్నింగ్ పంపితే మాత్రం బ్లాక్ చేస్తారు, వాళ్ల తప్పేం లేదు.

సమస్య 5: డబ్బు వచ్చినట్టు స్క్రీన్‌షాట్ ఉంది, ఖాతాలో లేదు

స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు. బ్యాంకు ఖాతాలో పడ్డాకే పార్శిల్ కదలాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తీసేస్తాం" అంటూ లింకుతో వచ్చే మెసేజ్ పాస్‌వర్డ్ కాజేయడానికే. నొక్కకండి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ-ఫ్యాక్టర్ ఆన్ చేసుకోండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి, ముందు అదే అడుగుతారు.